మార్కండేయ రెండో భార్య

మా అమ్మను ఆమె బావగారికే రెండో పెళ్లాంగా రాసిపెట్టారన్న సంగతి 2020 మే నెల మొదటి ఆదివారం నాకు తెలిసింది. రాసినవాడు పరాయివాడు కాదు. మా పెద్దతాత మనవడు నరహరి, నాకు వరసకు అన్న. రాసింది ఏ చిత్తు కాగితం మీదో కాదు, నూట నలభై మంది చుట్టాలు పొద్దున లేచి పళ్లయినా తోముకోకుండా ఫోన్లలో తెరిచి చూసుకునే వంశవృక్షంలో. ఆ రోజు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా దిగలేదు. దిగాలని నాకూ లేదు.

అప్పటికి లాక్‌డౌన్ పడి నలభై రోజులు. సూరత్ పక్కన జోల్వాలో మా ఆయన అంబదాస్ నడిపే సాంచలు, అదే మరమగ్గాలు, ఆగిపోయాయి. సూరత్‌లోని లింబాయత్‌లో మావి రెండే గదులు. వాటిలో ఆయన, నేను, మా అమ్మ ఎల్లవ్వ, మా అమ్మాయి సంధ్య పొద్దస్తమానం ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ కూర్చునేవాళ్లం. నరహరి అన్నది ఊళ్లోనే ఆల్థాన్‌లో పెద్ద ఫ్లాటు, రింగ్ రోడ్ మార్కెట్‌లో చీరల దుకాణం. ఆ దుకాణానికీ తాళమే. గల్లా ముందు కూర్చునే మనిషి ఇంట్లో ఎన్నాళ్లని కూర్చుంటాడు, ఏప్రిల్‌లో ఏదో యాప్ పట్టుకుని, మా ఇంటిపేరు మీద "కోడం పరివార్" అని చెట్టు గీయడం మొదలుపెట్టాడు. సిరిసిల్ల, భీవండి, షోలాపూర్, సూరత్, ఎక్కడెక్కడి కోడం వాళ్లూ అందులో చేరిపోయి తాతల పేర్లు ఎక్కించుకున్నారు. ప్రతి పేరు కింద ఆధారం అని ఒక గడి ఉంటుంది. అక్కడ కాగితం ఫోటో పెడితే పచ్చ టిక్కు పడుతుంది. ఆ పచ్చ టిక్కుల కోసం జనం బీరువాలు బోర్లించారంటే నమ్మండి.

ఆ ఆదివారం మధ్యాహ్నం అమ్మ చాప మీద కూర్చుని చింతపండులో గింజలు ఏరుతోంది. సంధ్య గోడకానుకుని ఫోన్ చూస్తోంది. దానికి పందొమ్మిదేళ్లు, ఇక్కడే పుట్టి పెరిగింది, మూడు భాషలు కలిపి మాట్లాడుతుంది.

"అమ్మమ్మా, నీ నామ్ కూడ వచ్చేసింది. దేఖో. కోడం మార్కండేయ. వైఫ్ వన్ కొమురవ్వ. వైఫ్ టూ ఎల్లవ్వ."

అమ్మ చేయి ఆగింది. "ఏం చదివినవే? మల్ల చదువు."

సంధ్య మళ్లీ చదివింది. దానికింకా అర్థం కాలేదు. నాకు మాత్రం ఒళ్లంతా కారం రాసినట్టయింది.

విషయం చెప్పాలి, లేకపోతే మీకూ నరహరికి పట్టిన అయోమయమే పడుతుంది. మార్కండేయ మా పెద్దబాపు, అంటే మా నాన్నకు అన్న. యాభై ఎనిమిదిలో సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి ఒక సిల్కు మిల్లులో చేరాడు. అరవై ఆరు వానాకాలంలో జ్వరం తగిలి పోయాడు. ఆయన భార్య కొమురవ్వ, మా పెద్దమ్మ, చంకలో పిల్లాడితో సిరిసిల్ల వెళ్లిపోయింది. మూడో రోజున మిల్లు మేస్త్రీ మా బాపును పిలిచి, మీ అన్న గేటు పాస్ ఖాళీగా పడి ఉంది, నీ పేరు మీద కొత్తది రావాలంటే రెండేళ్లు పడుతుంది, ఇదే పట్టుకుని వచ్చి మగ్గం ముందు నిలబడు అన్నాడు. అప్పట్లో మిల్లుల్లో ఇది చాలా మామూలు. అలా ముత్యం అనే మా బాపు గేటు దాటగానే మార్కండేయ అయ్యాడు. పాస్ చూసి రేషన్ కార్డు ఇచ్చారు, కార్డు చూసి ఓటు ఇచ్చారు, ఓటు చూసి నన్ను బళ్లో చేర్చుకున్నారు. సూరత్‌లో మన పేరు పక్కన తండ్రి పేరు రాస్తారు కాబట్టి నేను నాగేశ్వరి మార్కండేయ కోడం అయ్యాను. ముత్యం అన్న పేరు మా గడప లోపలే ఉండిపోయింది. రేషన్ షాపులో మొగుడి పేరేంటని అడిగితే అమ్మ నోరు విప్పేది కాదు. బావ పేరు మొగుడి పేరని ఎలా చెబుతుంది? ఆరేళ్ల పిల్లను నన్ను ముందుకు తోసేది. నేను గట్టిగా "మార్కండేయ" అని అరిచి చెప్పేదాన్ని.

పెద్దబాపును అమ్మ కళ్లతో చూసింది కూడా లేదు. ఆమె కాపురానికి వచ్చేసరికి ఆయన పోయి నాలుగేళ్లయింది. ఆయన ఫోటోకు దండం పెట్టుకుని ఇంట్లో కాలు పెట్టింది. అలాంటి మనిషిని ఆయనకే కట్టబెట్టారు. మా బాపు ముత్యం పేరేమో చెట్టుకు ఓ మూల వేలాడుతోంది, కింద "అవివాహితుడు, వివరాలు లేవు" అని.

ఫోన్ తీసి నరహరికి కొట్టాను. బాగున్నావా అని కూడా అడగలేదు.

"అన్నా, మా అమ్మ ఎవరి భార్య?"

"గిదేం సవాల్ చెల్లె? మార్కండేయ చిన్నాయన భార్య."

"చిన్నాయన పేరు ముత్యం. మార్కండేయ ఆయనకు అన్న. అరవై ఆరుల పోయిండు."

"మరి చిన్నప్పటిసంది నేను ఎవర్ని మార్కండేయ చిన్నాయన అని పిలిచిన? నాకు పతంగి కట్టిచ్చింది ఎవరు?"

"మా బాపే. అన్న పాస్ మీద పని చేసిండు కాబట్టి బస్తీ అంత అట్లనే పిలిచిర్రు."

 ఆయన దుకాణంలో బేరం కుదరనప్పటి నెమ్మదితో మొదలుపెట్టాడు. "కోపం చేయకు. జర విను. మొదట్ల ఎవరేం చెప్తె అది ఎక్కించిన. ఏమైంది? షోలాపూర్‌ల ముగ్గురు ఒక్క తాతనే నా తాతంటే నా తాతని లడాయి పెట్టుకున్నరు. భీవండి ఆయన ఒకాయన తన ముత్తాతకు నూట నలభై ఏండ్లు రాసిండు. అప్పుడే కసం తిన్న. పురావా, ఆధారం లేకుంట ఒక్క పేరు ముట్టుకోను. సిరిసిల్ల నుంచి మీ కొమురవ్వ పెద్దమ్మ మనుమడు ఓంకార్ గూడ చెప్పిండు, తాత వయసుల ఉన్నప్పుడే పోయిండట అని. అట అంటే నేనెట్ల రాస్తా? నీ స్కూలు దాఖలాల తండ్రి పేరు మార్కండేయ. చిన్నాయనది తొంభై ఎనిమిది డెత్ సర్టిఫికెట్ల మార్కండేయ. ఆ రెండు కాగజ్‌లు నువ్వు పంపినవే చెల్లె."

నిజమే. ఏప్రిల్‌లో అడిగితే మురిసిపోయి నేనే ఫోటోలు తీసి పంపాను. పచ్చ టిక్కు పడిందని సంధ్యకు చూపించాను కూడా. ఇప్పుడు ఆ రెండు కాగితాలే తెచ్చి మా అమ్మ నెత్తిన పెట్టాడు. తప్పు నాదని తెలిసేసరికి కోపం తగ్గాలి కదా, రెట్టింపయింది.

"చెట్టుకు మొట్టమొదట మన కులానికి మూలపురుషుడని భావనా ఋషి పేరున్నది. ఆయన రేషన్ కార్డు ఎవలు పంపిర్రు?"

"అరే, అది అందరు ఒప్పుకున్నదే కద."

"ఋషికి కాగజ్ అక్కర లేదు. ఇరవై మూడేండ్లు మగ్గం ముంగట నిలవడ్డ మా బాపుకు కావాలె. మంచిగున్నది నీ న్యాయం."

"చెల్లె, నువ్వు అబద్ధం చెప్తున్నవని నేనంటలేను. కాని నీ ఒక్కదాని మాట మీద మారిస్తే రేపు అందరు వస్తరు. ఆధారం తే, ఆ నిమిషమే మారుస్త."

ఫోన్ పెట్టేశాను. ఆ మనిషిలో దుర్మార్గం లేదు, అదే నా కర్మ. దుర్మార్గుడైతే నాలుగు తిట్టి చల్లారేదాన్ని.

సందులో మా ఆయన నీళ్లు పడుతున్నాడు. అన్నీ విని, "చెట్టు ఏమన్న తిండి పెడ్తదా, ఒదిలెయ్" అన్నాడు. ఆయనకు ఆ పూట తిండి నేను సరిగా పెట్టలేదు.

అసలు చిక్కు అమ్మతో వచ్చింది. సాయంత్రం, ఎలాగైనా దీన్ని మార్పిస్తానని నేనంటే ఆమె ఒప్పుకోలేదు.

"ఊకో. మీ బాపు దొంగపేరు మీద బతికిండని ఊరందరికి చాటుతవా? పానం ఉన్నన్ని దినాలు భయపడ్డడు, ఎవలన్న పట్టిస్తరేమోనని. ఆఫీసుల నుంచి కొత్త మనిషి వస్తె చాలు, ఆ రోజు బువ్వ తినకపోతుండె."

"మరి నిన్ను బావ పెండ్లాం అంటె ఊకుంటవా?"

"ఊకుంట. నేనున్నన్ని రోజులే కద."

అని గోడవైపు తిరిగి పడుకుంది. అంతటితో అయిపోయిందనుకున్నాను. కాలేదు. అమ్మ ఆదివారం వీడియో కాల్‌లో కూర్చోవడం మానేసింది. ప్రతి ఆదివారం పదకొండింటికి చుట్టాలంతా ఫోన్లో కలిసేవాళ్లు. ఆ గంట కోసం శనివారం నుంచే చీర తీసి పెట్టుకునే మనిషి, తలనొప్పి అంది. మరో వారం కూడా తలనొప్పే. ఎవరైనా ఫోన్ చేసి ఎల్లవ్వ ఏదని అడిగితే పడుకుందని చెప్పమనేది.  ఏం తప్పు చేసిందని దాక్కుంటోంది మా అమ్మ?

మూడో వారం భీవండి నుంచి పద్మారాణి ఒక ఫోటో పెట్టింది చుట్టాల వాట్సాప్ గ్రూపులో. పద్మారాణి మాకు దూరపు చుట్టం, మనసులో ఏమీ ఉండదు, నోటికి అడ్డూ ఉండదు. నా పెళ్లిలో తీసిన ఫోటో అది. అమ్మ, కొమురవ్వ పెద్దమ్మ వంటపాత్రల దగ్గర పక్కపక్కన కూర్చుని ఏదో చెప్పుకుని నవ్వుతున్నారు. కింద పద్మారాణి రాసింది: "సవతులంటే ఇట్ల కలిసిమెలిసి ఉండాలె." దానికి నలభై మంది దండాలు పెట్టారు, పూలు చల్లారు.

సంధ్య ఫోన్ దాచబోయింది. అమ్మ పట్టుకుంది. "ఏం రాసింది పద్మ?"

దాచి లాభం లేదని నేనే చదివాను.

అమ్మ చాలాసేపు ఫోటో చూసింది. "అక్కకు నేను సవతినా?" అంది. గొంతు పెద్దది చేయలేదు. "నా మెడల పుస్తె చూసి సంబురపడ్డ మనిషి. నీ కాన్పుకు సిరిసిల్ల నుంచి వచ్చి నెల దినాలు నాకు తలకు నీళ్లు పోసింది. మేం యారాళ్లం, తోడికోడండ్లం. తోడవుట్టినోళ్ల లెక్క ఉన్నం. ఆమెకు నేను సవతినా నాగేశ్వరీ?"

"కాదమ్మా."

"పో. ఏం చేస్తవో చెయ్యి. మీ బాపును దొంగన్న సరే, ఎవలేమన్న సరే. నేను చచ్చిపోతె ఆ చెట్టు మీద ఆయన పక్కన ఉండాలె. బావ పక్కన కాదు."

ఇక నన్ను ఆపేవాళ్లు లేరు. కానీ ఆధారం ఎక్కడుంది? మిల్లు మూతపడి ముప్పై ఏళ్లు, దాని స్థలంలో ఇప్పుడు అపార్ట్‌మెంట్లు. మేస్త్రీ ఎప్పుడో పోయాడు. పెద్దబాపు చావు ఎక్కడా రాయించనే లేదు, రాయిస్తే పాస్ పోతుందని. ఉన్న కాగితాలన్నీ ఒకటే అబద్ధాన్ని ఒకదాన్ని చూసి ఒకటి రాసుకున్నవి. ఏది చూసినా మార్కండేయే. రెండు రోజులు నేను బుర్ర గోక్కున్నాక అమ్మ అంది, "చెంబులు."

"ఏ చెంబులు?"

"మీ బాపు చెప్పెటోడు. బావ పోయిన ఏడాదికి సంవత్సరీకం చేసి, చుట్టాలకు ఇత్తడి చెంబులు పంచిండట. వాటి మీద పేర్లు కొట్టించిండట. తెలుగుల కొట్టిస్తె మిల్లు సేఠ్‌కు చదువరాదు కద, అందుకని భయం లేకుంట కొట్టించిండు. మనింట్ల ఒకటుండె. రెండువేల ఆరు వరదల కొట్టుకపోయింది."

"ఎవరెవరికి పంచిర్రు?"

అమ్మ వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టింది. సూరత్‌లో ఉన్న కోడం వాళ్లకు, వియ్యాలవారికి కలిపి పదకొండు ఇళ్లు. పది ఇళ్ల పేర్లు వెంటనే చెప్పింది, పదకొండోది గుర్తు రాలేదు.

మే నెల మిగిలిన రోజులన్నీ నేను చెంబు కోసం ఫోన్లు చేశాను. ఊరంతా చావుకబుర్లు వింటుంటే నేను ఇత్తడి చెంబు గురించి అడుగుతున్నాను. ఒకావిడ, "మేం బతికున్నమా లేదా అని అడగవు గాని చెంబున్నదా అని అడుగుతవా" అని దులిపేసింది. దులపాల్సిందే. ఇంకొకరు పాత సామాన్లవాడికి వేసి స్టీలు డబ్బా తీసుకున్నారట. ఒకరి చెంబు ఊరికి పోయింది, ఒకరిది దొంగలు ఎత్తుకెళ్లారు, ఒకరి ఇంట్లో అందరికీ జ్వరాలు, చెంబు మాట ఎత్తలేక బాగోగులు అడిగి పెట్టేశాను. ఒకాయన పైన అటక మీద వెతికి ఒక చెంబు తెచ్చి వీడియోలో చూపించాడు. దాని మీద ఎవరిదో పెళ్లి తేదీ ఉంది. పది ఇళ్లు అయిపోయాయి.

జూన్ మొదటి వారంలో, పప్పు కడుగుతూ కడుగుతూ అమ్మ తలెత్తింది.

"సమ్మక్క. పదకొండోది సమ్మక్కకు."

సమ్మక్క అంటే నరహరిని కన్నతల్లి. ఆమె పోయి పదేళ్లు. నేను చేతులు తుడుచుకుని, బురఖా వేసుకున్నట్టు మొహమంతా దుపట్టా చుట్టుకుని మా ఆయన్ను లేపాను. అప్పటికి బళ్లు తిరగనిస్తున్నారు. దారి పొడవునా ఆయన సణుగుతూనే ఉన్నాడు, చెంబు కోసం ఆల్థాన్ దాకా పోయినోళ్లు చరిత్రలో లేరని.

నరహరి ఉండే సొసైటీ గేటు దగ్గర వాచ్‌మన్ నుదుటికి తుపాకీ పెట్టినట్టు యంత్రం పెట్టి జ్వరం చూశాడు, చేతుల మీద ఇంత సానిటైజర్ పోశాడు. మా ఆయన్ను కిందే ఉండమన్నాడు, ఒక్కరికే అనుమతి అట. తలుపు సుమన వదిన తీసింది. నరహరి భార్య, కరీంనగర్ పిల్ల, ఎప్పుడూ నన్ను తక్కువ చేసి చూడలేదు. వెనక నరహరి అన్న నిక్కరులో నిలబడి మాస్కు కోసం తడుముకుంటున్నాడు.

"అరే చెల్లె, చెప్పకుంట వచ్చినవేంది? కూసో."

"కూసోను. సమ్మక్క పెద్దమ్మ ఇత్తడి చెంబేది?"

"ఏ చెంబు?"

నేను చుట్టూ చూశాను. ఎంతో దూరం చూడక్కర్లేకపోయింది. టీవీ పక్కన అద్దాల స్టాండు మీద, పసుపుపచ్చ ప్లాస్టిక్ గులాబీలు గుచ్చి, ముచ్చటగా పెట్టి ఉంది. అన్న ప్రతి ఆదివారం వీడియోలో కూర్చుని ఆధారం, ఆధారం అని పాఠం చెప్పేది సరిగ్గా దాని ముందే. ఆ పువ్వులు ఆయన భుజం మీంచి మా అందరికీ కనిపిస్తూనే ఉండేవి.

వెళ్లి గులాబీలు పీకి సోఫాలో పడేశాను. చెంబు అడుగున ఇసుక పోశారు, అది కూడా కాస్త ఒలికింది. మెడ చుట్టూ చుక్కలు చుక్కలుగా కొట్టిన తెలుగు అక్షరాలు. నాకు చదవాలని ఉంది కానీ నేను చదవకూడదని తోచింది. నేను చదివితే అదీ నా మాటే అవుతుంది. నరహరి గుజరాతీ బడిలో చదివాడు, తెలుగు మాట్లాడటమే గాని చదవలేడు. చెంబు సుమన వదిన చేతిలో పెట్టాను.

"చదువు వదినా."

వదిన చెంబు తిప్పుకుంటూ చదివింది. "కీర్తిశేషులు కోడం మార్కండేయ జ్ఞాపకార్థం. తమ్ముడు ముత్యం. పందొమ్మిది వందల అరవై ఏడు." చదివి చెంబును కాస్త దూరంగా పెట్టి చూసింది. "ఇరవై ఏండ్లసంది తోముతున్న. ఒక్కనాడన్న చదువలేదు."

"అన్నా," అన్నాను, "అరవై ఏడుకే కీర్తిశేషుడైన మనిషి డెబ్బై ఆరుల నన్ను కన్నడా? తొంభై ఎనిమిదిల మల్లొకసారి చచ్చిండా? నా దాఖలాల పుట్టిన తేదీ ఉన్నది. ఆ కాగజ్ నువ్వు దాచుకున్నదే. రెండు పక్కపక్కన పెట్టి చూడు."

ఆయన కళ్లద్దాలు తెచ్చుకున్నాడు. చదవలేని అక్షరాల మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ తడిమాడు. చెంబును కిటికీ దగ్గరికి తీసుకెళ్లి నాలుగు వైపులా ఫోటో తీశాడు. తర్వాత అన్నాడు, "కూసో చెల్లె. చాయ తాగు."

నా ఎదుటే ఫోన్లో మార్చాడు. మార్కండేయకు మరణం 1966. ముత్యం పేరు మూల నుంచి లాగి, పక్కన ఎల్లవ్వను పెట్టి, కింద నన్ను వేలాడదీశాడు. చేయి ఆపి అడిగాడు, "పాస్ సంగతి రాయాల్నా? నువ్వు వద్దంటే రాయను."

"రాయి. అమ్మ రాయమన్నది."

రాశాడు. చాయ్ తాగేటప్పుడు మాస్కు గడ్డం కిందికి లాక్కుని, "మరి నేను చిన్నాయనను ఎన్నడూ ఆయన పేరుతోని పిలువనే లేదన్నట్టు" అన్నాడు.  ఆ బాధ ఆయన పడవలసిందే అనుకున్నాను.

ఆ రాత అమ్మ భయపడ్డంత పనేమీ చేయలేదు. మర్నాడు షోలాపూర్ నుంచి ఒకాయన, మా నాయన కూడా మామయ్య పాస్ మీద పన్నెండేళ్లు పని చేశాడని రాశాడు. భీవండి నుంచి ఇంకొకరు, మా తాత పొద్దున ఒక పేరు, రెండో షిఫ్టుకు ఇంకో పేరు అన్నారు. వారం తిరిగేసరికి తొమ్మిది ఇళ్ల వాళ్లు బయటపడ్డారు. సంధ్య ఒక్కొక్కటీ చదువుతుంటే అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. పద్మారాణి తన ఫోటో తీసేసి, తప్పయిందని నాకు ఫోన్ చేసి ఏడ్చింది. నేను మా వీధిలో మాస్కు పెట్టుకుని కూడా తల ఎత్తుకుని నడిచాను. గెలిచానని నాకు పొగరొచ్చింది, దాచుకోవడం ఎందుకు.

ఆ పొగరుతోనే జూన్ మూడో ఆదివారం సిరిసిల్ల నుంచి వచ్చిన వీడియో కాల్ ఎత్తాను. కొమురవ్వ పెద్దమ్మ, ఓంకార్ ఫోన్ నుంచి. ఆమెకు ఎనభై ఏళ్లు. ఫోన్ ఎంత దూరంలో పట్టుకోవాలో తెలియదు, మొహానికి ఆనించేసుకుంది. నాకు తెర మీద నుదురు తప్ప ఇంకేమీ కనిపించడం లేదు.

"మంచిగున్నవా పెద్దమ్మా? పెద్దబాపు సంగతి సక్కగ రాయించిన, చూసినవా?"

"ఏం రాయించినవ్ బిడ్డా?"

"అరవై ఆరుల పోయిండని."

"అంతకు ముందుగాల ఏం రాసుండె?"

 అప్పటిదాకా అమ్మకు ఏం రాశారనే చూశాను. అదే గీతకు రెండో కొసన ఈమె ఉందని ఒక్కసారైనా నాకు తట్టలేదు.

"చెప్పవే. ఓంకార్‌ను అడిగితె చెప్తలేడు."

"ఆయన సూరత్‌ల అమ్మను చేసుకున్నట్టు."

"అంటె నన్ను ఇడిచిపెట్టిండని."

"తప్పు రాసిర్రు పెద్దమ్మా. ఇప్పుడు సరిజేసిర్రు."

"ఎన్ని దినాలు ఉండె గట్ల?"

"నెల దినాలు."

"అందరు చూసిర్రా?"

"చూసిర్రు."

 వెనక ఎవరో బీడీ ఆకు కత్తిరిస్తున్న చప్పుడు.

"మల్ల తప్పని ఎట్ల తెలిసింది?"

"చెంబు దొరికింది. బాపు పేర్లు కొట్టించి పంచిన చెంబు. పదకొండు ఇండ్ల ఆరా తీస్తె నరహరన్న ఇంట్ల దొరికింది." చెబుతుండగానే నా గొంతులో బింకం పోయింది.

"చెంబు" అంది పెద్దమ్మ. "యాభై నాలుగేండ్లాయె నాగేశ్వరీ, ఈ నొసల్న బొట్టు లేక. ఇరవై ఆరేండ్లకు తుడిచిర్రు. మా అన్నలు మారుమనువు చేస్తమని రెండేండ్లు తిరిగిర్రు, నా కొడుకు ఆగమైతడని వద్దన్న. నీ పెండ్లికి వచ్చి పందిట్లకు రాకుంట వంటల కాడ కూసున్న. నువ్వు చూడలేదా?"

"చూసిన పెద్దమ్మా."

"మరి ఆయన పోయిండనుటానికి గిది సాలలేదా? పదకొండు ఇండ్లకు ఫోన్ జేసినవు. నాకెందుకు జెయ్యలే?"

ఆమె చెప్పినా అది నోటిమాటే అవుతుందని అప్పుడే నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. నరహరి మీద నెల రోజులు పళ్లు నూరిన దాన్ని, ఆయన అనకముందే ఆ మాట నేను అనుకుని ఊరుకున్నాను. ఆ సంగతి ఆమెతో ఎలా చెప్పను? జవాబు కోసం ఆమె అలాగే ఎదురు చూసింది. ఫోన్ పక్కకు తీయలేదు. తెర నిండా ఆ ఖాళీ నుదురే ఉంది, నేను దాన్ని చూస్తూ కూర్చున్నాను.